కుడిచేతి మిరియాలు

"కదలొద్దు సార్" అని ఎక్కడినుంచో ఒక గొంతు చెప్పింది. ఆ మాట చెవిన పడిన క్షణంనుంచి నారాయణప్ప ఒళ్ళంతా కదలాలని తహతహలాడటం మొదలుపెట్టింది. అంతవరకూ తనకు ముక్కు ఒకటి ఉందన్న సంగతే గుర్తులేదు, ఇప్పుడు దాని కొసన చీమ పాకుతున్నట్టుంది. ఎడమ మోకాలు తనంతట తాను ముడుచుకోవాలని చూస్తోంది. నోట్లో ఉమ్మి ఊరి నిలిచింది, మింగితే మెడ కదులుతుంది, మెడ కదిలితే భుజం కదులుతుంది, భుజం కదిలితే బొమ్మ చెడుతుంది, బొమ్మ చెడితే తెలియాల్సింది తెలియకుండా పోతుంది. తెలియాల్సింది ఒక్కటే. భుజం లోపల డాక్టరు కుట్టిన కుట్టు నిలిచి ఉందా, తెగిపోయిందా. హిందూపురంలో ఈ చల్లటి గదిలో, ఈ తెల్లటి స్కానింగు గొట్టంలో, మొహానికి జానెడు దూరంలో పైకప్పు పెట్టుకుని పడుకున్నది దానికోసమే. కుడిభుజానికి గట్టి ప్లాస్టిక్ తొడుగు బిగించారు. ఎడమచేతిలో రబ్బరు బుడ్డ పెట్టి, తట్టుకోలేకపోతే దీన్ని నొక్కండి, బయటికి తీస్తాం అన్నారు. ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. ఉంగరం వచ్చింది. మొలతాడు ముడి ఒంటిచేత్తో రాలేదు. భార్య విశాలాక్షి వంగి, ఎవరైనా చూస్తారేమోనని ఒకసారి వెనక్కి చూసి, పళ్ళతో కొరికి తెంపింది. మొలతాడుకున్న వెండి తాయెత్తూ ఉంగరమూ పిడికిట్లో పట్టుకుని ఇప్పుడు తలుపవతల కుర్చీలో కూర్చుని ఉంటుంది. కుడిచేతి పిడికిట్లో. ఆమె ఏ వస్తువునూ ఎడమచేత్తో పట్టుకుని కూర్చునే మనిషి కాదు.

చప్పుడు మొదలైంది. చెవుల్లో దూది పెట్టినా ఎముకల్లోకే వచ్చింది. టక టక టక టక, ఆగి, మళ్ళీ టక టక టక. మగ్గం, అనుకున్నాడు, ఎవరో తన తలచుట్టూ మగ్గం ఆడిస్తున్నారు. ధర్మవరంలో నాయన గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే పక్కన చాపమీద పడుకుని ఈ చప్పుడులోనే నిద్రపోయేవాడు చిన్నప్పుడు, చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. ఆగిందంటే పోగు తెగిందని. పట్టుపోగు తెగితే చప్పుడు కాదు. నాయన చేతికి తెలిసేది. ఎట్ల తెలిసింది నాయనా అంటే, "తెగినప్పుడు చెయ్యి తేలికయితాదిరా" అనేవాడు. చెయ్యి తేలిక. వద్దు, ఆ మాట ఇప్పుడు వద్దు. వేరే ఏమైనా తలుచుకోవాలి. అంగడి తలుచుకోవాలి. తను మగ్గం ఎక్కలేదు, కృష్ణమూర్తి పట్టుచీరల అంగడిలో తెల్లపరుపు మీద కూర్చున్నాడు, ఇన్నేళ్ళూ చీరలు విసిరాడు. విసరడమంటే పారెయ్యడం కాదు. మడత కొసను రెండు వేళ్ళమధ్య పట్టి, మోచేయి లేపి, భుజాన్ని ఒక్క సుడి తిప్పితే చీర మొత్తం గాలిలో పొంగి, ఒక్క రెప్పపాటు అక్కడే నిలబడి, కొంగు సరిగ్గా పెళ్ళికూతురి ఒళ్ళో వాలాలి. ఆ రెప్పపాటులో బేరగాళ్ళు మాట మానేస్తారు. "నువ్వు ఇసిరినాక వొద్దనేదానికి నోరెట్లొస్తాదప్పా వాళ్ళకు" అనేవాడు కృష్ణమూర్తి. ఇన్నేళ్ళుగా ప్రతి చీరకూ భుజం లోపల ఒక పట్టీ కొంచెం కొంచెం అరుగుతోందని ఎవరికి తెలుసు. పైఅరలోనుంచి చీరలకట్ట జారింది ఒక పొద్దు. కింద చెప్పుల తడి. పడనివ్వకుండా చెయ్యి పైకెత్తి పట్టాడు. కట్ట నిలిచింది. చెయ్యి మాత్రం నిలవలేదు. అంతే, ఆ తరువాత గ్లాసు ఎత్తాలన్నా భుజం ఇంకెవరిదో అయింది.

చప్పుడు మారింది. ఇప్పుడు బండరాయి మీద సమ్మెట. భుజంలో సన్నటి వెచ్చదనం. అది యంత్రం వేడా, నొప్పా, భయమా? ఈ మూడూ ఒకే చోట ఉంటే వేరుచేయడం చేతకావడం లేదు. భుజం గుండును చుట్టి పట్టుకునే పట్టీలు నాలుగుంటాయప్పా అని డాక్టరు తన భుజం మీదే చెయ్యేసుకుని చూపించాడు, నీకు పైపట్టీ ఎముకనుంచి ఊడొచ్చింది, ఎముకలో చిన్న మేకులు దింపి, వాటి దారాలతో పట్టీని లాగి కుడతాం. కుట్టిన తరువాత ఇంకో మాట అన్నాడు. కుట్టేది నా పని అయిపోయింది, అది ఎముకకు అతుక్కునేటట్టు చూసేది నీ పని, నీ పని ఏమంటే ఏ పనీ చెయ్యకుండా ఉండటం. నారాయణప్ప నవ్వాడు అప్పుడు. నవ్వే పని కాదని తరువాత తెలిసింది. పడుకోవడానికి లేదు, దిండ్లు పేర్చుకుని కుర్చీలోనే కునుకు. ధర్మవరంలో వ్యాయామం చేయించే వాణి దగ్గరికి పోతే, నడుము వంచి చెయ్యి వేలాడదియ్యమనేది, బావిలోకి వదిలిన చేదలాగా అది తనంతట తాను ఊగాలి, నువ్వు ఊపగూడదు అనేది. "అన్నా, ఇప్పుడీ చెయ్యి నీది గాదు. ఇంటికొచ్చిన చుట్టం. చుట్టానికి ఎవురన్నా పని చెప్తారా?" చుట్టం మెడకు కట్టిన జోలెలో పడుకుని ఉండేది. జోలె కొసన కుడి అరచెయ్యి మాత్రం బయటికి, ఆకాశానికి తెరుచుకుని, బిచ్చమడుగుతున్నట్టు.

మిగిలింది ఎడమచెయ్యి. ఆ చేతికి పుట్టినప్పటినుంచి ఒక పని ఉంది, అది చేసిన తరువాత ఇంకే మంచి పనికీ దాన్ని పిలవరు. దాంతో అన్నం తాకాల్సి వచ్చిన మొదటి పూట కంచం ముందు కూర్చుని అట్లే ఉండిపోయాడు. విశాలాక్షి చూసింది, కంచం లాక్కుని, కలిపి, ముద్ద చేసి నోటికందించింది. "మన పవిత్ర గూడా చిన్నప్పుడు ఇంత సతాయించలేదబ్బా ముద్దకు" అంది రెండో ముద్దకు. నవ్వాడు. నవ్వుతూనే కంట్లో నీళ్ళొచ్చాయి, కారం అన్నాడు, పప్పులో కారమే ఎయ్యలేదే అంది ఆమె. ఒకసారి ఉండబట్టలేక అంగడికి పోయాడు, జోలె కనిపించకుండా శాలువ కప్పుకుని. మడకశిర నుంచి పెళ్ళి బేరం వచ్చింది. ఎడమచేత్తో చీర తీసి ముందుకు చాపితే ఆ ఇంటి అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది. "పెండ్లి చీరప్పా. ఎడంచేత్తో ఇస్తావేమి, కుడిచెయ్యికేమొచ్చె?" శాలువ ఎత్తి చూపించాడు. అయ్యో పాపం అంది అవ్వ, నిజంగానే అంది. అయినా అతని చేతినుంచి తీసుకోలేదు. చీర పరుపు మీద పెట్టేదాకా ఆగి, పరుపు మీదనుంచి తీసుకుంది. కోపం రాలేదు. తన అవ్వ అయినా అంతే చేసేది. విశాలాక్షి కూడా అంతే. ఇంట్లో కుంకుమైనా, ప్రసాదమైనా, మాత్రయినా సరే, జోలె కొసన తెరుచుకుని ఉన్న ఆ కుడి అరచేతిలోనే పెట్టేది. అక్కడినుంచి ఎడమ వేళ్ళతో తీసుకుని అతను నోట్లో వేసుకునేవాడు. ఇద్దరికీ అది అలవాటైపోయింది. ఎంత అలవాటంటే అలవాటన్న సంగతే తెలియనంత.

అక్కడికి పోకూడదు. ఆలోచన ఆ మలుపు దగ్గర ఆగాలి. ఇంకేదైనా. పొద్దున రైలు. పెనుకొండ కొండ కిటికీలో తిరిగి తిరిగి పక్కకొచ్చింది, ఎప్పుడూ చూసే కొండే, ఈ పొద్దు అది కూడా ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టనిపించింది. అక్కడి ప్లాట్‌ఫారం మీద కూతురు పవిత్ర, అత్తగారింటినుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, క్యారియరు ఎత్తి కిటికీ కమ్మీల దగ్గర పెట్టింది, "నాయనా, పట్టుకో పట్టుకో, కదుల్తాండాది బండి!" జోలెలో కుడిచెయ్యి ఉలిక్కిపడింది. అది లేవకముందే విశాలాక్షి చెయ్యి అడ్డంగా వచ్చింది, అతని ఛాతీమీదుగా, గేటు పడినట్టు. "వద్దు." అంతే అంది. ఆ వద్దులో ఎంత ఉందంటే, ఆ తరువాత హిందూపురం దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ వద్దు క్యారియరు గురించి కాదు. ఆ వద్దు ఆలస్యంగా వచ్చింది. రావాల్సింది కదిరిలో.

కదిరిలో.

వచ్చేసింది, ఇంక ఆపేదేముంది. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు ఆమె మొక్కుకుంది, ఈయన చెయ్యి బాగయితే నరసింహస్వామి తేరుమీదికి ఇద్దరం మిరియాలేస్తాం అని. బాగయ్యేదాకా తేరు ఆగదు కదా, ఫాల్గుణం వచ్చేసింది. జోలె ఉంది కదా, పక్కన నేనుంటాను కదా అంది. కదిరి వీధిలో ఒక అంగడి మెట్లమీద చోటు చూసి, అతన్ని గోడవైపు నిలబెట్టి, తను కుడిపక్క నిలబడి మోచేతులు రెండూ చాపింది. "ఏమప్పా, కండ్లు కనపడవా, చెయ్యి బాగలేని మనిషి ఉండాడు ఈడ!" అని పెద్దపెద్ద మగవాళ్ళనే తోసింది. ఇన్ని జాగ్రత్తలు పడిన మనిషి. ఎవరి మోచెయ్యి తగులుతుందో, ఏ మెట్టు జారుతుందో, అన్నీ అనుకున్నారు ఇద్దరూ, ఏ చేత్తో వెయ్యాలన్న ఒక్కటి మాత్రం అనుకోలేదు. ఎందుకు అనుకుంటారు, దేవుడికి ఏ చేత్తో వేస్తారో ఎవరైనా అనుకుంటారా. తేరు మలుపు తిరిగింది. మోకుల వెంట జనం, గోవిందా గోవిందా అని వీధి మొత్తం ఒకే గొంతు, గాలినిండా దవనం వాసన, మిరియాలు వానలాగా లేస్తున్నాయి, తేరుకు తగిలి చిటపటమని రాలుతున్నాయి. ఆమె కొంగుముడి విప్పి, దవనం కలిపిన మిరియాలు సగం తన చేతిలో పోసుకుంది. సగం అతని చేతిలో పోసింది. జోలె కొసన తెరుచుకుని ఉన్న ఆ అరచేతిలో. అరచెయ్యి మూసుకుంది. తేరు ఎదురుగా వచ్చింది. చెయ్యి

"సార్, కదిలినారు."

చప్పుడు ఆగిపోయింది.

"ఈ బొమ్మ చెడిపోయింది సార్. మళ్ళీ తియ్యాల. ఇంగొంచేపు ఓర్చుకోండి, భుజం మాత్రం కదిలించద్దు."

నేను కదల్లేదు అనబోయాడు. ఎవరికని చెప్తాడు. కదిలింది. అతను కదిలించలేదు, అయినా అది కదిలింది. తలుచుకుంటేనే లోపల కండ బిగుసుకుని మళ్ళీ ఒకసారి విసిరింది, ప్లాస్టిక్ తొడుగు కింద, ఎవరికీ కనిపించకుండా. అంటే జ్ఞాపకం తలలో ఉండదా? ఇంతకాలం తలలో ఉందనుకున్నాడు. భుజంలో ఉంది. చీరలు విసిరిన ప్రతిసారీ అక్కడే దాచుకుంటూ వచ్చిందేమో, ఆ పట్టీ అరిగింది అందుకేనేమో. టక టక టక. మళ్ళీ మొదలైంది. ఇప్పుడు కదలకూడదు, తలుచుకోకూడదు, తలుచుకోకూడదని తలుచుకుంటే అదే తలపు. రబ్బరు బుడ్డ చెమటకు జారుతోంది. నొక్కితే బయటికి తీస్తారు. నొక్కితే బొమ్మ ఉండదు. బొమ్మ లేకపోతే తెగలేదు అనుకుని బతకొచ్చు కొన్నాళ్ళు. బొటనవేలు బుడ్డ మీద ఆనింది. నొక్కలేదు. తియ్యలేదు.

చెయ్యి లేచింది. ఇప్పుడు మెల్లిగా, ఊపిరి కూడా తియ్యకుండా, ఎవరి చేతినో దూరంనుంచి చూసినట్టు తలుచుకున్నాడు. జోలెలోనుంచి జారి, తలకన్నా పైకి, చెవి పక్కగా, ఒక్క సుడి తిరిగి. మిరియాలూ దవనమూ గాలిలో విచ్చుకుని, ఒక్క రెప్పపాటు అక్కడే నిలబడ్డాయి, చీర నిలబడినట్టు. నొప్పి లేదు. అదే, అదే ఎవరికీ చెప్పలేని సంగతి. నొప్పి లేదు. ఇన్ని నెలల్లో ఆ ఒక్క క్షణం అతను పూర్తిగా మనిషయ్యాడు. దేవుడు గుర్తులేడు, మొక్కు గుర్తులేదు. ఆ తరువాత చెయ్యి తేలికయింది. చప్పుడు కాలేదు. తేలికయింది, అంతే. ఆ వెనక భుజంలోకి వేడినీళ్ళు పోసినట్టయింది. చెయ్యి తనంతట తాను వచ్చి జోలెలో దూరింది, తప్పు చేసిన పిల్లి ఇంట్లోకి వచ్చినట్టు. పక్కకు తిరిగి చూస్తే విశాలాక్షి తేరును చూడటం లేదు. అతని చేతిని చూస్తోంది. ఆమె చేతిలో మిరియాలు ఇంకా అట్లే ఉన్నాయి. అవి వేసిందో లేదో కూడా తెలియదు. తేరు పోయిన తరువాత అందరితోపాటు వంగి, కింద రాలిన మిరియాలు నాలుగు ఏరి కొంగున కట్టుకుంది, నోట్లో వేసుకుంటే రోగాలు పోతాయని. "చెరుకు రసం తాగుదామా?" అంది. "తాగుదాం" అన్నాడు. ఆ రసం తీపి కూడా గుర్తుంది.

ఆ తరువాత ఇద్దరూ దాని మాట ఎత్తలేదు. వాణి దగ్గర చెయ్యి లేవాల్సినంత లేవకపోతే, అప్పుడప్పుడు ఇట్లయితాదన్నా, ఒకసారి హిందూపురం పోయి డాక్టరుకు చూపించుకో అంది. విశాలాక్షి పక్కనే నిలబడి గోడవైపు చూస్తూ వింది. ఇంకొకటి. కదిరినుంచి వచ్చినప్పటినుంచి ఇంట్లో మిరియాల చారు లేదు. జలుబు చేసిన పొద్దు కూడా చింతపండు చారే. మిరియాల డబ్బా అలమరలో వెనక్కి పోయింది. అతను చూశాడు. అతను చూసినట్టు ఆమె చూసింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒక డబ్బా చుట్టూ తిరుగుతూ బతికారు.

టక టక టక టక. నువ్వే పోసినావు.

ఎక్కడినుంచి వచ్చింది ఈ మాట? ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కాలాగా, తొడుక్కోవడానికి తయారుగా, లోపల ఎక్కడో ఉంది. నువ్వే పోసినావు. అతను ఎప్పుడూ అనలేదు, ఇప్పటిదాకా అనుకోలేదు కూడా. కానీ ఎంత నున్నగా ఉందో చూడు, ఎన్నిసార్లు చేత్తో నిమిరితే ఇంత నునుపెక్కాలి. కుట్టు తెగిందని డాక్టరు అంటే ఈ మాట ఈ పొద్దే బయటికి రాదు. ఈ పొద్దు అతను మంచివాడుగానే ఉంటాడు, పోనీలేమ్మే అంటాడు. ఏదో ఒక పొద్దు, చారులో ఉప్పెక్కువైన పొద్దు, కృష్ణమూర్తి తన చోటులో ఇంకొకరిని కూర్చోబెట్టిన పొద్దు, వస్తుంది. ఒక్కసారి వస్తే చాలు. ఇన్ని రోజులు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి, చొక్కా గుండీలు పెట్టిన చెయ్యి, వీపు రుద్దిన చెయ్యి, అన్నీ పోయి, మిరియాలు పోసిన చెయ్యి ఒక్కటే మిగులుతుంది ఆమెకు. తెగిన పట్టీని డాక్టరు మళ్ళీ కుట్టొచ్చు. దీన్ని ఎవరు కుడతారు. భయం అంతా భుజంలో ఉందనుకున్నాడు ఇందాకటిదాకా. కాదు, గొంతులో ఉంది. ఆ మాటను వెనక్కి తొయ్యాలని చూశాడు, తోసేకొద్దీ అది ముందుకొచ్చింది. చివరికి దాని ఎదురుగా ఇంకో మాట పెట్టాడు. పోసింది ఆమె, విసిరింది నేను. పిడికిట్లో పెట్టుకుని ఊరికే ఉండొచ్చు. ఎడమచేతిలోకి మార్చుకుని మెట్టుమీద పెట్టొచ్చు. మరిచిపోయి విసరలేదు. తెలుసు. పిడికిలి మూసుకున్నప్పుడే తెలుసు. ఒక్కసారి చూడాలనుకున్నాడు, ఈ చెయ్యి ఇంకా తనదేనా అని. ఇది మరుపు కాదు, ఆశ. దేవుడిని అడ్డం పెట్టుకున్న ఆశ.

చప్పుడు ఆగింది. బల్ల వెనక్కి జారింది. వెలుతురు కంట్లో గుచ్చింది. "బాగా ఓర్చుకున్నారు సార్, రెండోసారి అస్సలు కదల్లేదు" అన్నాడు స్కానింగు మనిషి. అతని మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని వెతికాడు. అతనికి ముఖం లేదు, మాస్కు ఉంది.

డాక్టరు గదిలో గోడకున్న తెరమీద భుజం నల్లగా, బూడిదరంగుగా, మబ్బు ముక్కలాగా ఉంది. అది తనదని నమ్మకం కలగలేదు. డాక్టరు చాలాసేపు చూశాడు, ఒక బొమ్మ, ఇంకో బొమ్మ, మళ్ళీ మొదటిది. విశాలాక్షి కుర్చీలో కొసకు కూర్చుంది. పిడికిలి ఇంకా మూసే ఉంది, ఉంగరం తిరిగివ్వడం మరిచిపోయింది. డాక్టరు తిరిగి ఇద్దరినీ చూశాడు.

"మధ్యలో ఏమన్నా జరిగిందా? దాచకుండా చెప్పండి."

"బస్సులో కమ్మీ పట్టుకున్నా సార్, బ్రేకేసినప్పుడు—" అన్నాడు నారాయణప్ప.

"నేనే సార్, ఆయప్ప చేతిలో మిరియాలు పోస్తి, కదిరి తేరుకు—" అంది విశాలాక్షి.

రెండు మాటలూ ఒకదానిమీద ఒకటి పడి ఆగిపోయాయి. డాక్టరు నవ్వు రాబోతే దగ్గాడు. "సరే. వెనక కుట్టు గట్టిగానే ఉంది. ముందంచు కొంచెం లేచింది. మొత్తం పోయింటే ఇంకోసారి కోయాల్సొచ్చేది. ఇప్పటికైతే అక్కర్లేదు, మళ్ళీ జోలె, మళ్ళీ మొదటినుంచి, ఆ తరువాత చూద్దాం. చెయ్యి పూర్తిగా పైకి లేస్తుందని మాత్రం నేను మాటివ్వలేను." లేచి అతని జోలె పట్టీ తనే సరిచేశాడు. "ఈసారి ఎవరు పోసినా, ఏ కమ్మీ అయినా, ఎడమచెయ్యప్పా. దేవుడేమీ అనుకోడు."

బయట వరండాలో బెంచీమీద కూర్చున్నారు. చీర గాలిలో నిలబడే ఆ రెప్పపాటు ఇంక ఉండకపోవచ్చు. ఆ సంగతిని నెమ్మదిగా లోపలికి రానిచ్చాడు. వచ్చి కూర్చుంది. నువ్వే పోసినావు అన్న మాటకోసం వెతికి చూశాడు. లోపలే ఉంది, కానీ నలిగిపోయి, తొడుక్కోను పనికిరాకుండా ఉంది.

"కమ్మీనా?" అంది విశాలాక్షి ఎదురుగోడను చూస్తూ. "ఆ పొద్దు కదిరి బస్సులో నీ చెయ్యి చూసి కండక్టరే ఒకాయప్పను లేపి సీటిప్పిచ్చె. యాడ పట్టుకుంటివి కమ్మీ? అబద్ధం చెప్పేది గూడా చేతగాదు నీకు."

"నువ్వెందుకు అడ్డమొస్తివి మరి, నేను చెప్తాంటే?"

ఆమె ఉంగరం అతని ఎడమచేతి వేలికే తొడిగింది. మొలతాడు కొంగున, కదిరికి కట్టిన ఆ చీర కొంగునే, కట్టబోయి, ఆ కొంగులో ముందే ఒక ముడి ఉంటే దాన్ని విప్పింది. నాలుగు మిరియాలు, దుమ్ము పట్టి. కదిరి వీధిలో ఏరినవి, ఇన్నాళ్ళూ వంటింట్లోకి రానివ్వనివి, పారెయ్యనివి. పైటతో తుడిచింది. జోలె కొసన కుడి అరచెయ్యి ఎప్పటిలాగే తెరుచుకుని ఉంది. ఆమె వేళ్ళు అటే పోయాయి. దానిమీద ఆగాయి. అతను ఊపిరి బిగబట్టి, మెల్లిగా ఎడమచెయ్యి చాపాడు.

ఆమె ఆ చేతిని చూసింది, ముందెప్పుడూ చూడనట్టు. రెండు మిరియాలు అందులో పెట్టింది. మిగతా రెండూ తన నోట్లో వేసుకుంది.

కొరికాడు. దుమ్మూ ఘాటూ కలిసి గొంతులోకి దిగింది, కళ్ళు మండాయి.

"కారంగా ఉండాదా?"

"ఉండాది."

"ఇంటికి పోతానే చారు కాస్తా" అంది, లేచి అతని ఎడమపక్కకు వచ్చి నిలబడుతూ.